పరాసులు నేర్చిన వలందా భాష

బందరులో పరాసుపేట అని ఒక పేట, వలందపాలెం అని ఒక పాలెం ఉన్నాయి. పరాసులంటే ఫ్రెంచివారు, వలందులంటే హాలండువారు, అనగా డచ్చివారు. 1605లో డచ్చివారు, 1669లో ఫ్రెంచివారు ఆ రేవులో వర్తకశాలలు తెరిచారు. కొట్టుకున్నారు, కొన్నారు, అమ్మారు, వెళ్ళిపోయారు. పేర్లు మాత్రం మన నోళ్ళలో అరిగి, మన మాటలై మిగిలిపోయాయి. చిన్నతనంలో ఆ రెండు పేర్లూ విన్నప్పుడు, ఈ ఇద్దరూ స్వదేశంలో కూడా ఇలాగే పక్కపక్క పేటల్లో కాపురముంటారా అన్న సందేహం నాకు కలగలేదు. కలిగి ఉంటే, దానికి సమాధానం బెల్జియం అని చాలా ఏళ్ళకు గాని తెలిసేది కాదు.

ఉద్యోగరీత్యా 2011 చలికాలంలో నేను బ్రస్సెల్సు నగరంలో ఉండవలసివచ్చింది. సాయంత్రాలు ఏమీ తోచక ఒక రాత్రిబడిలో డచ్చిభాష తరగతిలో చేరాను. తరగతిలో పద్నాలుగు మందిమి. నేనూ, ఒక మొరాకో దేశస్థురాలూ, ఒక పోలండు యువకుడూ పోను తక్కినవారందరూ ఫ్రెంచి మాతృభాషగా గల బెల్జియన్లే. తమ దేశ జనాభాలో సగానికి పైగా మాట్లాడే భాషను, నిన్నగాక మొన్న వచ్చిన నాతోపాటు అ ఆ ల నుంచి దిద్దుకుంటున్నారు. నా పక్కన కూర్చునే పెద్దమనిషికి అరవై దాటాయి. షార్లెరువా దగ్గర పుట్టిపెరిగి, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. ఆయన ఇంటిపేరు "వాన్ డెర్" అంటూ మొదలయ్యే అచ్చమైన ఫ్లెమిష్ పేరు. మొదటిరోజు పంతులుగారు హాజరు పిలుస్తూ ఆ పేరును డచ్చి పద్ధతిలో సరిగ్గా పలికితే, ఆయన తన పేరని గుర్తుపట్టక ఊరుకున్నాడు! ఈ వ్యాసానికి మూలం ఆ క్షణమే.

ఫ్రెంచివారికి డచ్చిభాషలో జరిగిన మొట్టమొదటి పరీక్ష తప్పితే తల పోయే పరీక్ష. 1302 మే 18 తెల్లవారుజామున బ్రూజ్ నగరంలో తిరుగుబాటుదారులు ఫ్రెంచిరాజు సైనికులను ఇళ్ళలోనే పట్టి చంపారు. చీకట్లో తనవాడెవడో పైవాడెవడో తెలిసేదెలా? ఎదురైన ప్రతివాడినీ "స్ఖిల్డ్ ఎన్ వ్రీండ్" అనమన్నారట. డాలూ మిత్రుడూ అని అర్థం. ఆ మొదటి అక్షరంలోని గొంతు గీరుకునే ఖకారం ఫ్రెంచి నోట పలకదు. పలకనివాడి పని అంతటితో సరి. ఈ కథలో ఎంత నిజమో, అసలు ఆ మాటలే అన్నారో లేదో చరిత్రకారులు నేటికీ తేల్చలేదు. కథ నిజం కాకపోయినా, ఏడువందల ఏళ్ళుగా దాన్ని చెప్పుకుంటున్నారన్నది నిజం. అదే ఏడాది జూలై 11న ఫ్లాండర్సు కాల్బలం ఫ్రెంచి అశ్వదళాన్ని ఓడించింది. ఫ్లెమిష్‌వారికి ఆ తేదీ ఇప్పటికీ పండుగరోజు.

అయితే కత్తి పట్టినవాడి చరిత్ర ఒకటి, తక్కెడ పట్టినవాడి చరిత్ర మరొకటి. నాకు రెండవదే ఎక్కువ ఆసక్తి. ఆ ఊచకోత జరిగిన బ్రూజ్‌లోనే, అదే శతాబ్దం నడుమ, ఒక బడిపంతులు "వృత్తుల పుస్తకం" అనదగిన వాచకం ఒకటి తయారుచేశాడు. ఒకవైపు ఫ్రెంచి, ఒకవైపు ఫ్లెమిష్. నేతగాడు, రొట్టెలవాడు, చెప్పులు కుట్టేవాడు, ఇలా ఊరిలోని మనుషులందరూ వర్ణక్రమంలో వచ్చి, ఎవరి పని వారు చెప్పుకుపోతారు. వ్యాకరణం ఊసే లేదు. సంతలో బతకడానికి కావలసిన మాటలే. ఒక శతాబ్దం దాటాక విలియం కాక్స్టన్ దీన్నే ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలకు మార్చి అచ్చువేశాడు.

తరువాత ఆంట్వెర్ప్ నగరానికి వైభవం వచ్చింది. అక్కడి బడిపంతులు నోయెల్ డి బెర్లెమాన్ 16వ శతాబ్దం తొలి భాగంలో ఫ్రెంచి, డచ్చి భాషల సంభాషణల పుస్తకం ఒకటి రాశాడు. మొదటి అధ్యాయంలో పదిమంది ఒక విందుకు కూర్చుంటారు. రెండవ దానిలో బేరాలు. మూడవ దానిలో బాకీ వసూలు! ఈ క్రమం చూస్తే నాకు నవ్వొస్తుంది గాని, భాష నేర్చుకునేవాడి అవసరాలను ఇంతకంటే నిజాయితీగా పేర్చినవారు తరువాత లేరు. బెర్లెమాన్ 1531లో చనిపోయినా పుస్తకం చావలేదు. రెండు భాషలది నాలుగై, ఆరై, చివరికి ఎనిమిది భాషల పుస్తకమై యూరపు వర్తకుల జేబుల్లోకి చేరింది. అచే సుల్తాను చెరలో పడిన ఫ్రెడరిక్ డి హౌట్‌మన్ అనే డచ్చి నావికుడు మలయ భాష నేర్చుకుని, 1603లో మలయ, మడగాస్కర్ భాషల నిఘంటువు ప్రచురించినప్పుడు, అందులోని సంభాషణలకు బెర్లెమాన్ పుస్తకాన్నే మూసగా తీసుకున్నాడు. ఆ మరి రెండేళ్ళకే డచ్చి ఓడలు బందరు చేరాయని గుర్తుచేసుకుంటే, పరాసుపేట, వలందపాలెం నాకు మరికొంచెం దగ్గరివిగా తోస్తాయి.

ఈ కాలానికి నా దృష్టిలో కథానాయకుడు క్రిస్టోఫ్ ప్లాంటిన్. ఫ్రాన్సులో పుట్టి, 1549 ప్రాంతంలో ఆంట్వెర్ప్ చేరి, పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడిగా మొదలై, యూరపులోకెల్లా పెద్ద ముద్రాపకులలో ఒకడైనాడు. అతనికి ఆ దేశపు భాష రాదు. పరదేశి ఏం చేయాలో అదే చేశాడు. విన్న మాటనల్లా రాసుకుని, అక్షరక్రమంలో పెట్టుకున్నాడు. ఆ సొంత పట్టికే పెరిగి పెరిగి, అతని ముద్రాలయంలోని పండితుల చేతుల మీదుగా 1573లో డచ్చి, ఫ్రెంచి, లాటిన్ భాషల మహానిఘంటువుగా వెలువడింది. మరుసటి సంవత్సరమే అతని వద్ద అచ్చుతప్పులు దిద్దే కిలియాన్ అనే ఫ్లెమిష్ పండితుడు మరో నిఘంటువు తెచ్చాడు. డచ్చి నిఘంటు చరిత్రకు పునాదిరాళ్ళలో ఒకటి, డచ్చి రాక అవస్థపడిన ఫ్రెంచివాడు తన కోసం పేర్చుకున్నదన్నమాట. అతని ముద్రాలయం నేడు ఆంట్వెర్ప్‌లో ప్రదర్శనశాల. నేను చూసినప్పుడు ఆ పాత అచ్చుయంత్రాల కంటే దిద్దుబాటుదారులు కూర్చున్న బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను.

ఇన్ని శతాబ్దాలపాటు ఫ్రెంచివాడు డచ్చి నేర్చుకోవడం విడ్డూరం కాలేదు, అవమానం అంతకన్నా కాలేదు. మరి ఎప్పుడు చెడింది?

ఒక్క రోజున కాదు. ఫ్లాండర్సు నగరాల్లో కలవారి ఇళ్ళల్లోకి ఫ్రెంచి చాలాకాలంగా చొరబడుతూనే ఉంది. 1795లో ఫ్రాన్సు ఈ సీమలను కలిపేసుకున్నాక కచేరీల్లో, న్యాయస్థానాల్లో ఫ్రెంచి తప్ప మరో భాషకు తావు లేకపోయింది. నెపోలియను పతనం తరువాత హాలండు, బెల్జియంలు 1815లో ఒకే రాజ్యమయ్యాయి. రాజు మొదటి విలియం 1819లో ఒక శాసనం చేసి, 1823 నుంచి ఫ్లెమిష్ ప్రాంతాల్లో డచ్చినే అధికారభాష చేశాడు. ఫ్రెంచిలో చదువుకున్న వకీళ్ళకూ, ఉద్యోగులకూ ఒళ్ళు మండింది. 1830 విప్లవానికి కారణాలు అనేకమే గాని ఈ మంట కూడా వాటిలో ఒకటి. కొత్త బెల్జియం 1831 రాజ్యాంగంలో, ఎవరికి ఏ భాష కావాలంటే అది వాడుకోవచ్చునని రాసుకుంది. చదవడానికి ఎంత బాగుంది! కాని అధికారి ఏ భాష వాడుకోవాలన్నది కూడా అతని ఇష్టమే కదా. అతను ఫ్రెంచినే ఇష్టపడ్డాడు. దేశంలో సగానికి మించిన ప్రజల భాష, స్వేచ్ఛ అనే మంచిమాట చాటున, వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

(ఇక్కడొక చిత్రం. ఆ దశలో డచ్చిలో నవలలు రాసి తన జాతికి చదవడం నేర్పినవాడని ఫ్లెమిష్‌వారు కొలిచే హెండ్రిక్ కాన్సియన్స్ తండ్రి అచ్చమైన ఫ్రాన్సు దేశస్థుడు!)

ఇక 19వ శతాబ్దపు ఫ్రెంచివాడికి డచ్చి ఎక్కడ వినపడుతుంది? వంటింట్లో. దాసీపిల్ల నోట. ఫ్లాండర్సులో కరువుకాటకాలకు తాళలేక వచ్చినవారు బ్రస్సెల్సులో పనిమనుషులయ్యారు, షార్లెరువా, లియేజ్ ప్రాంతాల్లో గనికూలీలయ్యారు. గొప్పింటి పిల్లవాడు పనిమనిషి దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకునేవాడు, కాని అవి ఆజ్ఞాపించడానికే సరిపోయేవి. పెద్దయ్యాక ఆ నాలుగు ముక్కలూ వచ్చని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేవాడు. ఒక భాషను పై నుంచి విన్నవాడు దాన్ని నేర్చుకోలేడని నా అనుమానం. 1860లో యాన్ కూక్, పీటర్ హూతాల్స్ అనే ఇద్దరు ఫ్లెమిష్ కూలీలకు హత్యానేరం మీద షార్లెరువాలో తల తీశారు. విచారణ జరిగిన భాష వారికి అర్థమే కాలేదని ఫ్లాండర్సు అంతటా కథ పాకింది. వారు నిరపరాధులన్న మాటను నేటి చరిత్రకారులు అంతగా నమ్మరు. కాని ఆ కథ చేయవలసిన పని చేసింది. 1873లో నేరవిచారణలకు, 1878లో పరిపాలనకు, 1883లో బడులకు ఒక్కొక్క చట్టమే వచ్చి, 1898లో డచ్చిలో అచ్చయిన చట్టానికి కూడా ఫ్రెంచి ప్రతితో సమానమైన విలువ దక్కింది. 1909లో మొదటి ఆల్బర్టు రెండు భాషల్లోనూ ప్రమాణం చేసి సింహాసనమెక్కాడు. అంతకుముందు ఏ రాజూ ఆ పని చేయలేదు.

ఇప్పుడు అసలు మలుపు. సమాన హక్కు అన్నాక రెండు దార్లున్నాయి. దేశమంతటా ప్రతి కచేరీలో రెండు భాషలూ ఉండటం ఒకటి, ఎవరి గడ్డ మీద వారి భాషే చెల్లడం మరొకటి. మొదటిదైతే వలూనియాలోని ఫ్రెంచివాడు కూడా, గుమాస్తా ఉద్యోగానికైనా సరే, డచ్చి నేర్వాలి. అది వారికి కొరుకుడు పడలేదు. 1912లోనే జూల్ దెస్త్రే అనే వలూన్ నాయకుడు రాజుకు బహిరంగలేఖ రాసి, బెల్జియన్లనేవారు లేరు, ఉన్నది వలూన్లూ ఫ్లెమిష్‌లూనని తేల్చేశాడు. 1929లో ఆయనే ఫ్లెమిష్ సోషలిస్టు కమీల్ హౌస్మన్స్‌తో కలిసి ఒక రాజీపత్రం మీద సంతకం చేశాడు. 1932 చట్టాలు రెండవ దారినే పట్టాయి. ఉత్తరాన డచ్చి, దక్షిణాన ఫ్రెంచి, బ్రస్సెల్సులో రెండూ. ఫ్రెంచివారు ఆనాడు తప్పించుకున్నది ఒక పాఠం అనుకున్నారు. దానికి వారిచ్చిన వెల, ఫ్లాండర్సులో తమ భాషకున్న చోటే. ఆ బేరం సంగతి నా తరగతిలో ఒక్క విద్యార్థికీ తెలియదు. ఫ్లెమిష్‌వారే తమను గెంటేశారని చాలామంది నమ్మకం. నేను విదేశీయుణ్ణి గనుక నోరు మెదపలేదు.

1962లో భాషా సరిహద్దును చట్టంతో గీశారు. మరుసటి ఏడాది చట్టం ప్రకారం బ్రస్సెల్సు ఫ్రెంచిబడుల్లో మూడవ తరగతి నుంచి డచ్చి తప్పనిసరి అయింది. మూడు, నాలుగు తరగతుల్లో వారానికి 3 గంటలు, ఐదు, ఆరుల్లో 5 గంటలు. వలూనియాలో మాత్రం ఎంపిక పిల్లవాడి ఇంటివారిది. డచ్చి, ఇంగ్లీషు, జర్మన్లలో ఏదైనా సరే. ఇంగ్లీషు ఎదురుగా ఉండగా డచ్చిని ఎవరు కోరుకుంటారు? ఫ్లాండర్సు బడుల్లో ఫ్రెంచి తప్పనిసరి, వలూనియా బడుల్లో డచ్చి ఐచ్ఛికం. ఈ ఒక్క అసమానతను పట్టుకుని ఫ్లెమిష్‌వారు ఇప్పటికీ దెప్పుతారు. వారి దెప్పులో న్యాయముందనే చెప్పాలి.

బ్రస్సెల్సు పొలిమేరల్లో ఆరు చిన్న ఊళ్ళున్నాయి. ఫ్లాండర్సు గడ్డ మీదివే, కాని ఫ్రెంచివారు పెద్దసంఖ్యలో వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. 1963లో వారికి తమ భాషలో కాగితాలు పొందే సౌకర్యం ఇచ్చారు. ఫ్లెమిష్‌వారి ఊహలో అది డచ్చి వచ్చేదాకా ఇచ్చిన గడువు. ఫ్రెంచివారి ఊహలో అది శాశ్వత హక్కు. ఒకే చట్టాన్ని రెండు భాషల వారు రెండు కాలాల్లో చదువుకున్నారు. 1997లో ఫ్లెమిష్ మంత్రి ఒకరు, ఫ్రెంచి కాగితం కావలసినవారు ప్రతిసారీ విడిగా అడిగి తీసుకోవాలని ఉత్తర్వు జారీచేస్తే ఆ పోరు ఏళ్ళ తరబడి నడిచింది. ఇక లూవెన్ విశ్వవిద్యాలయం సంగతి ప్రసిద్ధమే. 1968లో ఆ గొడవకు ప్రభుత్వమే కూలి, ఫ్రెంచి విభాగం కొత్త ఊరు కట్టుకుని తరలిపోయింది. గ్రంథాలయాన్ని బేసి సంఖ్యల పుస్తకాలు ఒకరికి, సరి సంఖ్యలవి మరొకరికి అని పంచుకున్నారు. బహుసంపుటాల గ్రంథాల గతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

2006లో ఫ్లాండర్సు ముఖ్యమంత్రి ఇవ్ లెతెర్మ్ ఒక పారిసు పత్రికతో మాట్లాడుతూ, ఫ్రెంచివారికి డచ్చి నేర్చుకునే తెలివితేటలు ఉన్నట్టు లేవని వెటకారమాడాడు. దేశం భగ్గుమంది. ఆయన తండ్రి ఫ్రెంచి మాట్లాడే వలూన్ కావడం విశేషం. మరుసటి ఏడు జాతీయదినోత్సవం నాడు విలేకరి అడిగితే, ఇదే పెద్దమనిషి బెల్జియం జాతీయగీతానికి బదులు ఫ్రాన్సు జాతీయగీతం అందుకున్నాడు. 2011 డిసెంబరులో ప్రధాని అయిన ఎలియో ది రూపో ఇటలీ గనికూలీ కొడుకు, రసాయనశాస్త్రంలో డాక్టరు. ఆయన డచ్చిని పత్రికలు ఆటపట్టించేవి. మా తరగతిలో మాత్రం ఆయన తప్పుల మీద ఎవరూ నవ్వేవారు కాదు.

తెలివితేటల మాట అటుంచి, భాష నిజంగా అంత కష్టమా? నాకు వింతగా తోచినదేమంటే, ఫ్రెంచివాడు తడబడే చోట్ల చాలావాటిలో తెలుగువాడు తడబడడు. "బొమ్" అంటే బాంబు, "బోమ్" అంటే చెట్టు. "మన్" అంటే పురుషుడు, "మాన్" అంటే చంద్రుడు. హ్రస్వదీర్ఘాలు మనకు ఉగ్గుపాలతో వచ్చినవి. ఫ్రెంచి చెవికి ఆ తేడా వినపడదు. అంకెలు చూడండి. డబ్బైనాలుగును డచ్చివారు "నాలుగున్నూ డబ్బైన్నూ" అంటారు. మన చతుస్సప్తతి పద్ధతే. ఫ్రెంచివారు టెలిఫోను నంబరు రాసుకునేటప్పుడు నాలుగు వేసి, ముందు చోటు వదిలి, వెనక్కి వచ్చి ఏడు వేస్తారు. ఇంకా క్రియ. ఉపవాక్యంలో డచ్చిక్రియ చివరికి పోతుంది. "ఇక్ వేట్ దట్ హై మోర్ఖెన్ కోమ్ట్" అంటే, నాకు తెలుసు, అతను రేపు వస్తాడని. రేపు ముందు, రాక వెనుక. ఫ్రెంచిలో రాక ముందు, రేపు వెనుక. వాక్యం చివరిదాకా క్రియను నోట్లో దాచుకోవడం నా పక్కనాయనకు శిక్షగా ఉండేది. నాకది సొంతింట్లో నడిచినట్టుండేది. ("ఓప్‌బెల్లెన్" వంటి క్రియలు రెండు ముక్కలై వాక్యం రెండు కొసలకూ చేరినప్పుడు మాత్రం నా గర్వం అణిగింది.)

వ్యాకరణాన్ని మించిన కష్టం మరొకటుంది. బడిలో నేర్పేది శిష్టమైన డచ్చి. గెంట్ సంతలోనో, కోర్ట్రైక్ పొలాల్లోనో వినబడేది ఊరికొక తీరు మాండలికం. మన గ్రాంథికవాదుల శిష్యుడొకడు పుస్తకభాషతో పల్లెకు వెళ్ళినట్టుంటుంది వీరి పాట్లు. పైగా ఫ్లెమిష్‌వాడు మర్యాదస్థుడు. ఎదుటివాడు ఒక్క మాట తడబడగానే జాలిపడి ఫ్రెంచిలోకి దిగుతాడు. "మేము నేర్చుకోమని తిడతారు, నేర్చుకుంటే మాట్లాడనివ్వరు" అని మా తరగతిలో ఒకావిడ వాపోయేది.

1989లో లియేజ్‌లోని ఒక బడి, పాఠాలను పరాయిభాషలోనే చెప్పే పద్ధతి మొదలుపెట్టింది. ఆ భాష ఇంగ్లీషే. 1998లో దానికి చట్టబద్ధత వచ్చాక ఆ పద్ధతిలో డచ్చిబడులు వలూనియాలో వేగంగా పెరిగాయి. లెక్కలూ భూగోళమూ డచ్చిలో చదివే వలూన్ పిల్లలను దెస్త్రే చూస్తే ఏమనేవాడో! బ్రస్సెల్సులోనైతే ఫ్రెంచి తల్లిదండ్రులు పిల్లలను నేరుగా డచ్చిబడికే పంపుతున్నారు. ఆ బడుల్లో ఇంట డచ్చి మాట్లాడని పిల్లలే ఇప్పుడు అధికసంఖ్యాకులు. ప్రేమ పుట్టుకొచ్చిందనుకోనక్కరలేదు. రాజధానిలో రెండు భాషలు రానివాడికి మంచి ఉద్యోగం దొరకదు. బెర్లెమాన్ పుస్తకంలోని రెండవ, మూడవ అధ్యాయాలే మళ్ళీ తెరుచుకున్నాయి. ఇక ఇరుపక్షాల యువకులూ కలిస్తే ఇంగ్లీషులో మాట్లాడుకుంటారన్నది వేరే కథ.

మా రైల్వే పెద్దాయనకు ఉద్యోగంతో పని లేదు. ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగితే చాలా వారాలు దాటవేశాడు. చివరి నెలలో ఒక సాయంత్రం చిన్న అట్టపెట్టె తెచ్చాడు. అందులో పాత పోస్టుకార్డులు. ఆయన నాయనమ్మ పశ్చిమ ఫ్లాండర్సు నుంచి పదిహేనేళ్ళ పిల్లగా షార్లెరువా గనుల ఊరికి వచ్చిందట. వలూన్ బడిపిల్లలు వెక్కిరిస్తారని కొడుక్కు తన భాష ఒక్క ముక్క నేర్పలేదట. స్వగ్రామం నుంచి చెల్లెలు రాసిన కార్డులు మాత్రం చనిపోయేదాకా దాచుకుంది. ఇంట్లో ఎవరూ చదవలేకపోయారు.

పంతులుగారూ, ఆయనా, నేనూ తలలు దగ్గరపెట్టి ఒక కార్డు చదివాం. పంది ఈనింది, ఏడు పిల్లలు. బంగాళాదుంపలు ఈసారి కుళ్ళిపోయాయి. అమ్మ కాలు నొప్పి తగ్గలేదు. పండగకు నువ్వొస్తావా? క్రియలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. పెద్దాయన ప్రతి వాక్యం వేలు పెట్టి, చివరి మాట వచ్చేదాకా ఆగి, అప్పుడు తలూపేవాడు. అడుగున సంతకానికి ముందు రెండు మాటలు మాత్రం మాకు అంతుపట్టలేదు. పంతులుగారిది ఆంట్వెర్ప్. ఆయన అత్తగారిది పశ్చిమ ఫ్లాండర్సు కావడంతో అక్కడికక్కడే ఆమెకు ఫోను చేసి, అక్షరం అక్షరం చదివి వినిపించాడు. ఆవిడ మూడుసార్లు మళ్ళీ చెప్పించుకుని, ఒక మాట చెప్పగలిగింది. "చిట్టెక్కా" లాంటి ముద్దుపిలుపట. రెండవది ఆవిడకూ తెలియలేదు. పెద్దాయన ఆ మొదటి మాటను తన పుస్తకంలో రాసుకుని, ఎలా పలకాలో చెప్పమని పంతులుగారి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.